అర గీత

25 ఆగస్టు 2024, ఆదివారం

ఈ రోజు మైక్రోమీటర్ వాక్యం చెప్పాను. సంచిలో పెట్టి ప్రార్థన కూటానికి తీసుకుపోయాను. బల్ల మీద గుడ్డ పరిచి, దాని మీద పెట్టి, ఇదేందో చెప్పండి అన్నాను. చిన్న బిగింపు అని ఒకరు, తాళం అని ఒకరు. పున్నమ్మ మాత్రం ఇనప చేపపిల్ల అంది. అందరూ నవ్వారు. నవ్వనిచ్చాను. నవ్విన గుండె మెత్తగా ఉంటది, అప్పుడే దెబ్బ వెయ్యాలి.

వెంట్రుక వాసి తేడా లేకుండా ఇనుముని కొలిచే పనిముట్టు అని చెప్పాను. ఈ గొట్టం మీద పైన గీతలున్నాయి, ఒక్కో గీత ఒక మిల్లీమీటరు. కింద ఇంకో వరస ఉంది, సన్నంగా. అవి అర గీతలు. తిరిగే డ్రమ్ము మీద యాభై అంకెలు. డ్రమ్ము రెండు చుట్లు తిరిగితే, అంటే వంద అంకెలు దాటితే, ఒక మిల్లీమీటరు. కాబట్టి డ్రమ్ము మీద పన్నెండు కనపడితే అది పన్నెండా, అరవై రెండా? అర గీత బయటికొచ్చిందా లేదా చూడాలి. వచ్చిందీ, యాభై కలుపు. రాలేదూ, కలపబాక. డ్రమ్ము అంకె అబద్ధం చెప్పదు. అయినా అర గీత వదిలేసినోడి కొలత మొత్తం అబద్ధమే. అట్టాగే సగం నమ్మినోడు. ఆదివారం నమ్మి సోమవారం వదిలేసినోడు.

కూటం కదిలిపోయింది. ఇద్దరు ఏడ్చారు.

ముందు వాక్యభాగం షెర్లీ చేత చదివించాను. గొంతు దాచుకోవాలి గదా. కూతురు చదవడం తండ్రికి ఘనత.

27 ఆగస్టు

ఇంజను బ్లాకులు బోరు కొట్టే మా వర్క్స్‌లో నా బల్ల మీద ట్యూబులైటు మార్చమని వెంకట్రామయ్య గారికి మళ్ళీ చెప్పాను. ఓనరు అన్నాక పనిముట్ల మీద శ్రద్ధ ఉండాలి. ఈ కొత్త లైట్లలో తెలుపే గాని వెలుగు లేదు. మైక్రోమీటరుకి కూడా పైపూత అరిగింది, కింద గీతలు కలిసిపోతన్నాయి. ఈ డైరీ సంగతీ అంతే. బేరింగుల కంపెనీ వాడు ఏటా ఇస్తాడు, ఈ ఏడు గీతలు కొట్టీ కొట్టనట్టు కొట్టాడు. అందుకే లైను వదిలి లైను రాస్తన్నా.

4 సెప్టెంబర్, బుధవారం

ఇది వివరంగా రాయాలి.

పొద్దున ఒక ట్రాక్టరు బ్లాకు కొలిచాను. మా పద్ధతి ఇరవై ఏళ్ళుగా ఒకటే. పిస్టను ఆడే బోరులో గేజీ పెట్టి బిగించి, బయటికి తీసి, మైక్రోమీటరుతో కొలిచి నేను సైజు పలుకుతాను. నా భుజం వెనకే నిలబడే మహేశ్వరి వెనక బోర్డు మీద సుద్దముక్కతో రాస్తది. అరిగిన బోరు కోసి పెద్దది చేసే బోరింగ్ మిషను మీద ఉండే రాజ్‌కుమార్ ఆ బోర్డు చూసి పైకి చదివి కోత పెడతాడు. పలకడం, రాయడం, చదవడం. ముగ్గురు సాక్షులు.

నేను నూట రెండు ఇరవై నాలుగు అన్నాను. కాసేపటికి రాజ్‌కుమార్ చదివాడు, నూట రెండు డెబ్భై నాలుగు.

వెనక్కి తిరిగాను. దూరం చూపు నాది డేగ చూపు. బోర్డు మీద డెబ్భై నాలుగే ఉంది.

"ఏందిది?"

"అర గీత బయటికుంది బాబాయ్" అంది మహేశ్వరి. మెల్లగా అంది. నాకు మాత్రమే వినపడేటట్టు. ఆ మెల్లదనమే నన్ను మండించింది.

"నేనేం పలికాను?"

"ఇరవై నాలుగు."

"నువ్వేం రాశావు?"

తల తిప్పి బోర్డు వైపు చూసింది.

"ఎన్నాళ్ళ నుంచి ఇట్టా రాస్తన్నావు?"

రాజ్‌కుమార్ మిషను ఆపి చూస్తన్నాడు. బయట లారీ తోలుకొచ్చిన వాళ్ళు ఇద్దరు గుమ్మంలో నిలబడ్డారు. అందరూ వినేటట్టు చెప్పాను. ఐటీఐలో రెండేళ్ళు కూర్చుని వచ్చి ఇరవై ఏళ్ళ కన్నుని దిద్దుతావా. నీకు ముప్పై దాటలా, నాకు అర గీత నేర్పుతావా. ఇల్లు, మొగుడు, పిల్లాణ్ణి వదిలి ఇనుము కాడికి వచ్చావు, వచ్చినదానివి అణకువ తెచ్చుకోవాల్సింది. ఇకనుంచి నేను పలికింది రాయి. నువ్వు చూసింది కాదు. నేను పలికింది. అర్థమైందా?

"అయింది బాబాయ్."

"మళ్ళీ చెప్పు."

"మీరు పలికింది రాస్తా."

బోర్డు తుడిపించి ఇరవై నాలుగు రాయించాను. ఆ తర్వాత నేనే మళ్ళీ కొలిచి, డెబ్భై నాలుగు అని పలికాను. మొదటిసారి గేజీ పక్కకి జారి ఉంటది. ఆమెకి ఆ సంగతి చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు.

5 సెప్టెంబర్

పలికింది పలికినట్టు రాస్తంది. క్రమశిక్షణ ప్రేమలో భాగం.

10 సెప్టెంబర్, మంగళవారం

కోటిబాబు టిప్పరు బ్లాకు తెచ్చాడు. రాజుపాలెం అవతల క్వారీ కాడ తిప్పుతాడు. బండి సొంతం, డ్రైవరూ తనే. ఈ మధ్యే సెకండ్ హ్యాండులో కొన్నాడు.

"పాత ఓనరు బోరు చేయించాడో లేదో నాకు తెలవదు పున్నారావన్నా. నువ్వే చూసి చెప్పు. నువ్వు చెప్తే పిస్టన్లు తెచ్చుకుంటా."

కొలిచాను. ఆరు బోర్లూ. నూట నాలుగు పన్నెండు. కంపెనీ సైజు నూట నాలుగు, అంటే ఇంతవరకూ ఎవరూ చెయ్యి పెట్టలా, పన్నెండు అరిగింది.

మహేశ్వరి నూట నాలుగు పన్నెండు అని రాసింది. బోర్డు చూసి వెంకట్రామయ్య గారు అర సైజు పిస్టన్లు తెచ్చుకో, నూట నాలుగున్నరకి బోరు కొడతాం అని కోటిబాబుకి చెప్పారు. రాశాక సుద్దముక్క చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"బాబాయ్, పాత పిస్టన్ ఒకటి తెమ్మందామా? దాని మొహం మీద సైజు కొట్టి ఉంటది."

"నా కన్ను ఉండగా ఇంకో సాక్ష్యం ఎందుకు?"

కోటిబాబు నవ్వాడు. "పాతయ్యి పాత ఇనుము వాడికి ఏసేశా అమ్మాయ్."

ఆమె ఇంకేం అనలేదు. అనాలనుకుంటే అనొచ్చు. నోరు నేను కుట్టలేదు.

14 సెప్టెంబర్

కోటిబాబు బోర్లు అయిపోయినయ్యి. బోర్డు మీది పన్నెండుకి ముప్పై ఆరు కోస్తే చివర్న నూట నాలుగు నలభై ఎనిమిది, మిగతా రెండు నున్న చేసే హోనింగ్ రాయికి. రాజ్‌కుమార్ కోత చక్కగా వచ్చింది. అద్దంలా ఉంది లోపల.

17 సెప్టెంబర్

పిస్టను బోరులో పెడితే వేలితో నెట్టాల్సొస్తది, నూనె మీద నిదానంగా దిగుద్ది. కోటిబాబు మెకానిక్కు మా గుమ్మంలోనే పెట్టి చూపించాడు. వదిలిన పిస్టను వదిలినట్టు కిందికి పోయి టంగుమంది. మొదటిది, రెండోది, ఆరూ.

అర మిల్లీమీటరు వదులు.

వెంకట్రామయ్య గారు గల్లా పెట్టె కాడి నుంచి లేచి వచ్చారు. అర సైజుకి పైన ఈ ఇంజనుకి పిస్టను రాదు. లోపల లైనరు గొట్టం వెయ్యాలంటే గోడ పలచబడింది. బ్లాకు పాత ఇనుము కిందే లెక్క. కోటిబాబు నేల మీద కూర్చున్నాడు. అరవలేదు. అరిచుంటే నయం. "ఎవరు కొలిచారు" అని ఒక్కటే అడిగాడు, నా మొహం చూడకుండా.

బోర్డు అప్పటికి తుడవలేదు. పదో తారీకు లెక్క మూలన ఉంది. నూట నాలుగు పన్నెండు. గుండ్రంగా, పొందికగా. మహేశ్వరి చేతిరాత.

నేను ఇట్టా అన్నాను. నేను అరవై రెండు అని పలికాను. ఈ పిల్ల పన్నెండు రాసింది. బోర్డు నా వెనక ఉంటది, నేను చూడను, నమ్ముతాను. నమ్మడమే నా తప్పు.

నోటి నుంచి వచ్చేసింది. వచ్చాక అది నిజంలాగే ఉంది. నేను అరవై రెండు అని పలికే ఉంటాను. ఆ రోజు ట్యూబులైటు మినుకుమంటంది, మిషను చప్పుడు, ఆమె సరిగా విని ఉండదు.

మహేశ్వరి నా వైపు చూడలేదు. రాజ్‌కుమార్ వైపు చూసింది.

వెంకట్రామయ్య గారు కూడా అతన్నే అడిగారు. "నువ్వు పక్కనే ఉన్నావుగా. ఏం పలికాడు?"

రాజ్‌కుమార్ చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. చానాసేపు తుడుచుకున్నాడు.

"అరవై రెండు అన్నట్టే గుర్తండీ."

18 సెప్టెంబర్

నేను అరవై రెండు అని పలికాను.

22 సెప్టెంబర్, ఆదివారం

సప్పీరా మీద చెప్పాను. అబద్ధమాడి అపొస్తలుల కాళ్ళ కాడ పడి ప్రాణం విడిచిన ఆడమనిషి. ఆమెతో పాటు అబద్ధమాడిన మొగుణ్ణి వదిలేసి సప్పీరా ఒక్కదాన్నే తీసుకున్నాను. స్పీకరు ఎప్పుడూ రోడ్డు వైపు కడతాం, ఈ వారం సందు వైపు తిప్పించాను. ఆ సందులో మూడో ఇల్లు మహేశ్వరిది. వాక్యం ఎవరికి అవసరమో వాళ్ళ వైపే తిరగాలి.

ఇంట్లో పని కాదని ఇనుప పనికి వచ్చిన చెయ్యి, సుద్దముక్క పట్టిన చెయ్యి, అబద్ధం రాసిన చెయ్యి అన్నాను. ఆ వీధిలో సుద్దముక్క పట్టే ఆడమనిషి ఇంకెవరూ లేరు.

పున్నమ్మ వెళ్ళేటప్పుడు అంది. "ఏందయ్యా, ఈ రోజు మాకు గాక గోడకి చెప్పినట్టుంది."

26 సెప్టెంబర్

ఇంటి ప్రార్థనలో షెర్లీ వరస తప్పకుండా చదువుతది. ఈ సాయంత్రం ఇస్సాకు భాగం వచ్చింది. ముసలితనంలో కళ్ళు మసకబారి, చేతులు తడిమి, ఒక కొడుకుని ఇంకో కొడుకనుకుని దీవించినాడు. రెండు మాటలు చదవగానే ఆపమన్నాను. ఇంకో భాగం తియ్యమన్నాను.

"ఎందుకు నాన్నా?"

"అది మొన్నే చదివాం."

"చదవలేదు."

తీసింది. కొలనూలు చేతపట్టుకుని పట్నాన్ని కొలవబోయే మనిషి దర్శనం చదివింది. అది నాకు ఇష్టమైన భాగం. చదువుతూ చదువుతూ ఆగి, పుస్తకంలో నుంచి తల ఎత్తకుండానే అడిగింది. "ఆ మహేశ్వరక్క నిజంగా తప్పు రాసిందా నాన్నా?"

వాక్యం మధ్యలో లోకం మాటలు తేవద్దన్నాను.

3 అక్టోబర్, గురువారం

ఇప్పుడు మహేశ్వరి ఇనుప పొట్టు ఊడుస్తంది. నేనే అడిగాను, వెంకట్రామయ్య గారు సరే అన్నారు. బోర్డు మీద ఎవరూ లేరు, నేనే రాసుకుంటన్నా. పొట్టు వేళ్ళకి గుచ్చుకుంటది, చేతికి గుడ్డ చుట్టుకుని ఊడుస్తది. తీసెయ్యమన్నాను. గుడ్డ మిషనులో పడితే ప్రమాదం.

ఈ రోజు రెండు జరిగినయ్యి.

ఒకటి. కోటిబాబు వచ్చి వర్క్స్ మధ్యలో ఒక పాత పిస్టను పెట్టాడు. పాత ఇనుము వాడి కుప్పలో వెతుక్కున్నాడంట, రెండు రోజులు. మసి గీకితే మొహం మీద సైజు ఉంది. పాత ఓనరు ముందే అర సైజు చేయించాడు. అంటే ఆ రోజు బోరు నూట నాలుగు అరవై రెండే.

"చూశారా" అన్నాను. "నేను పలికింది అదే గదా."

మహేశ్వరి చీపురు పట్టుకుని నిలబడి నవ్వింది. నవ్వు కూడా కాదది, ముక్కులో నుంచి గాలి వదిలింది.

రెండోది. ఆమె వెంకట్రామయ్య గారి కాడికి పోయి కాగితం అడిగింది. నడికుడి వైపు సిమెంటు ఫ్యాక్టరీలో కొలతల గదిలో ఒక ఉద్యోగం ఉందంట. మూడేళ్ళు కొలత పని చేసిందని ఓనరు సంతకం కావాలి. నవంబరు మొదట్లో పిలుస్తారు.

"ఆ బ్లాకు సంగతి తేలకుండా ఎట్టా రాసియ్యనమ్మా" అన్నారాయన.

"ఎట్టా తేలుద్దండీ?"

ఆయన నా వైపు చూశారు.

9 అక్టోబర్

సత్తెనపల్లి రోడ్డు కాడ టీ తాగుతుంటే అల్తాఫ్ మేస్త్రీ కనపడ్డాడు. మనవడు చెయ్యి పట్టుకుని నడిపిస్తన్నాడు. అక్షరం రాని నాకు అంకెలు నేర్పినవాడు. ఇరవై రెండేళ్ళప్పుడు, ఆయన బల్ల కింద కూర్చుని మైక్రోమీటరు మీద అంకెలు నేర్చాను, ఆ తర్వాత వాక్యంలో అక్షరాలు నేర్చాను.

2006లో ఆయనకి లాకు పెట్టించింది నేనే. ఈ వర్క్స్ పెట్టినప్పటి నుంచి ఉన్న రూలది. బల్ల మీద కూర్చున్నోడి కన్ను మీద అనుమానం ఉంటే ఎవరైనా లాకు అడగొచ్చు. ఓనరు మైక్రోమీటరు తిప్పి, డ్రమ్ము కదలకుండా లాకు పిన్ను బిగించి ఇస్తాడు. మూడుసార్లు. అందరి ముందూ చదవాలి. అల్తాఫ్ మేస్త్రీ మొదటిది చదివాడు. రెండోది తప్పాడు. మూడోది చూడకుండానే ఏదో ఒక అంకె చెప్పి, టోపీ సర్దుకుని, క్యారేజీ తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ సంగతి వంద కూటాల్లో సాక్ష్యంగా చెప్పి ఉంటాను. గర్వించినవాణ్ణి ప్రభువు దించి దీనుణ్ణి ఆ బల్ల మీద కూర్చోబెట్టాడని.

నా దగ్గు విని గుర్తుపట్టాడు.

"పున్నారావేనా?"

"ఆఁ మేస్త్రీ."

"కళ్ళెట్టా ఉన్నయ్యిరా?"

"బాగున్నయ్యి."

"చూపించుకో. నేను భయపడి చూపించుకోలా. చిన్న పొర అంట. అప్పుడే తీయిస్తే పోయేదంట."

ఎగతాళి. ఇన్నేళ్ళు దాచుకుని ఈ రోజు కక్కాడు. టీ సగంలో వదిలేసి వచ్చాను.

15 అక్టోబర్, మంగళవారం

లాకు అడిగింది.

అందరం అన్నం తింటన్నాం. క్యారేజీ మూత పెట్టి, చెయ్యి కడుక్కుని వచ్చి, వెంకట్రామయ్య గారి ముందు నిలబడింది.

"బాబాయికి లాకు పెట్టండి. నాకూ పెట్టండి. ఎవరికి అర గీత కనపడుద్దో తేలుద్ది."

"ఈ రూలు నీకెవరు చెప్పారే?" అన్నాను.

"మీరే గదా బాబాయ్. ప్రతి ఆదివారం స్పీకర్లో చెప్తారు."

రాజ్‌కుమార్‌కి పొలమారింది.

వెంకట్రామయ్య గారు శుక్రవారం అన్నారు.

16 అక్టోబర్

ఉపవాసం. ఇంట్లో మైక్రోమీటరు పెట్టుకుని కూర్చున్నా. డ్రమ్ము అంకెలు కనపడతన్నయ్యి. పై గీతలు కనపడతన్నయ్యి. అర గీతలు ఉన్నయ్యి. ఉన్నాయని నాకు తెలుసు. ఎక్కడుంటాయో తెలుసు. కిటికీ కాడికి పోయాను. ఎండలోకి పోయాను.

ప్రభువు మట్టి తీసి ఒకడి కళ్ళకి పూశాడు. వాడు పుట్టు గుడ్డి. నాది అది కాదు, పూత అరిగింది.

17 అక్టోబర్

రాజ్‌కుమార్‌తో మాట్లాడాను. వర్క్స్ వెనక, ఆయిలు డ్రమ్ముల కాడ.

అతను చాలా తేలిగ్గా తీసుకున్నాడు. అదే నాకు నచ్చలేదు.

"లైటు పట్టుకుని నీ పక్కన నిలబడతా. ఇంకో చేతిలో టీ గ్లాసు ఉంటది. అర గీత బయటికుంటే గ్లాసు బల్ల మీద పెడతా. లేకపోతే చేతిలోనే ఉంచుకుంటా. డ్రమ్ము నువ్వు చదువుకో."

"ఇది మోసం కాదు రాజ్‌కుమార్. పూత అరిగిన పనిముట్టుతో పరీక్ష పెట్టడమే మోసం."

"నేనేమన్నా అన్నానా అన్నా?"

"నీకేం కావాలి?"

"ఏం వద్దు. మిషను చప్పుడుకి చెవులు పోతన్నయ్యి. సుద్దముక్క నాకియ్యి, మిషను మీదకి ఇంకొకణ్ణి పెట్టుకుందాం."

18 అక్టోబర్, శుక్రవారం

మూడూ చదివాను.

కోటిబాబు కూడా వచ్చాడు, గోడకి ఆనుకుని చేతులు కట్టుకుని చూశాడు. వెంకట్రామయ్య గారు ప్రతిసారీ అటు తిరిగి బిగించి, చీటీ మీద రాసుకుని ఇచ్చారు. మొదటిది, గ్లాసు బల్ల మీద పెట్టాడు. నూట ఏడు ఎనభై ఒకటి. రెండోది, తీసి చేతిలో పట్టుకున్నాడు. నూట పన్నెండు పంతొమ్మిది. మూడోది, మళ్ళీ బల్ల మీద. నూట ఒకటి అరవై ఆరు. చీటీ చదివినప్పుడల్లా అంకె సరిపోయింది. రాజ్‌కుమార్ చెయ్యి ఎవరు కదిలించారు? నమ్మినవాడికి ఏ చెయ్యి అయినా ఆయన చెయ్యే.

మహేశ్వరి కూడా మూడూ చదివింది. చూడగానే, మాట్లాడినంత తేలిగ్గా.

వెంకట్రామయ్య గారు చీటీలు చింపి డబ్బాలో వేశారు. "ఇద్దరికీ కనపడతంది. కనపడకపోవడం కాదన్నమాట. మరి బోర్డు మీద రాత నీదే గదమ్మా."

ఆమె నా బల్ల కాడికి వచ్చింది. మైక్రోమీటరు లాకు విప్పి, గుడ్డతో తుడిచి, నూనె చుక్క వేసి, రెండు మొహాలూ తగలకుండా కాస్త ఎడం వదిలి పెట్టెలో పెట్టింది. మూడేళ్ళూ సాయంత్రం అట్టాగే పెట్టేది.

"బాబాయ్, పోయిన ఉగాది నుంచి మీరు పలికినయ్యి ఎన్ని దిద్ది రాశానో తెలుసా?"

పెట్టె మూత వేశాను.

"నేనూ లెక్కపెట్టలా" అంది. "మీరు దిద్దొద్దన్న తర్వాత అర గీత తప్పిన మొదటి బ్లాకు కోటిబాబుది."

కోటిబాబు గోడ మీద నుంచి వీపు తీశాడు. రాజ్‌కుమార్ బల్ల మీది గ్లాసు వైపు చూస్తన్నాడు. అది నిండుగానే ఉంది, పైన మీగడ కట్టింది.

మహేశ్వరి అతనితో అంది. "టీ చల్లారిపోయింది అన్నా. తాగు. దాని పని అయిపోయింది గదా."

సంచి తీసుకుని వెళ్ళిపోయింది.

జయం. ఆదివారం సాక్ష్యం చెప్పాలి.

20 అక్టోబర్, ఆదివారం

చెప్పలేదు. వేరే భాగం చెప్పాను.

28 అక్టోబర్

ఫ్యాక్టరీ నుంచి ఫోను. కాగితం లేకుండానే మహేశ్వరి వాళ్ళ కాడికి పోయి, అక్కడ కొలిచి చూపించిందంట. బాగా కొలిచిందంట. పాత చోట ఒక మాట అడుగుదామని చేశారు. వెంకట్రామయ్య గారు ఫోను నా చేతికిచ్చారు. "నీ కిందే పని చేసింది, నువ్వే చెప్పు."

అవతల ఆఫీసరు మర్యాదస్తుడు. "మనిషి ఎట్టాంటిది సార్?" అన్నాడు.

అక్కడ ఒక నిమిషం ఉంది. ఆ నిమిషం నాకు బాగా గుర్తు. బయట నిమ్మకాయల బండివాడు అరుస్తన్నాడు. నేను ఒక మంచి మాట చెప్తే ఎవరికీ ఏమీ పోదు. కానీ ఆమె అక్కడ కొలతల గదిలో కూర్చుంటే ఆ కుర్చీయే రోజూ నా మీద సాక్ష్యం చెప్తది.

"పని వచ్చు సార్. కానీ రాసిన అంకె మారుస్తది. పలికింది ఒకటి, రాసేది ఒకటి. దాని వల్ల ఒక బ్లాకు పోయింది."

"అట్టాగా. మంచిది సార్, చెప్పి మేలు చేశారు."

ఇందులో అబద్ధం ఏదీ లేదు. పలికింది ఒకటి రాసింది ఒకటి అని ఆమే ఒప్పుకుంది, అందరి ముందూ. మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను, ఒక్క మాట కూడా అబద్ధం కాదు.

31 అక్టోబర్

మహేశ్వరి పిల్లాణ్ణి తీసుకుని మాచర్లలో అక్క ఇంటికి పోయిందని షెర్లీ చెప్పింది. అక్కడ మిరప చేలల్లో కలుపుకి పోతదంట. చెప్పి అన్నం పెట్టకుండా లోపలికి పోయింది. నేనే పెట్టుకున్నాను.

3 నవంబర్, ఆదివారం

షెర్లీ తలనొప్పని కూటానికి రాలేదు. నేనే తెరిచి చదివాను. గోడ మీద చెయ్యి వచ్చి రాసిన భాగం, రాజుని తూచితే తక్కువగా తేలాడని. కంఠతా వచ్చిన భాగం, తడుముకోకుండా చదివాను, కూటం ఊపిరి బిగబట్టింది. అయిపోయాక పున్నమ్మ దగ్గరికొచ్చి పుస్తకం నా చేతిలో నుంచి తీసుకుంది. తిప్పి సరిగ్గా పెట్టి మళ్ళీ చేతికిచ్చింది.

"తలకిందులుగా పట్టుకున్నావయ్యా" అంది. ఇంకెవరికీ వినపడకుండా. మెల్లగా.

6 నవంబర్

స్పీకరు పాడైందని చెప్పాను. కొన్ని వారాలు కూటం ఉండదు.

12 నవంబర్, మంగళవారం

కోటిబాబు ఇంకో బ్లాకు తెచ్చాడు. పొలం పాసుబుక్కు ఎక్కడో పెట్టి కొన్నాడని మెకానిక్కు అన్నాడు. కూలి తీసుకోకుండా బోరు మా కాడే చేసిస్తామని వెంకట్రామయ్య గారు మాటిచ్చారు, అందుకే ఇక్కడికి వచ్చాడు. లేకపోతే ఈ గుమ్మం తొక్కేవాడు కాదు.

ఇది కూడా పాత బండిదే. ఈసారి సైజు చూసుకోడానికి పాత పిస్టన్లు కూడా లేవు.

"ఇది పోతే నేను క్వారీలో రాళ్ళు కొట్టాల్సిందే అన్నా" అన్నాడు. బెదిరింపు లేదు అందులో. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పాడు. చెప్పి, గోడకి ఆనుకోకుండా, బల్లకి ఇవతలే నిలబడ్డాడు.

గేజీ పెట్టాను. బిగించాను. బయటికి తీసి మైక్రోమీటరు పట్టాను. పైన నూట నాలుగు. డ్రమ్ము మీద ముప్పై. కింద ఏముందో చూశాను. గొట్టాన్ని కిటికీ వైపు తిప్పాను. కొత్త ట్యూబులైటు వేశారు నిన్న, బ్రహ్మాండంగా వెలుగుతంది. దాని వైపు తిప్పాను. గోటితో రాసి చూశాను, గీత గోటికి తగులుద్దేమోనని. ఇస్సాకు కూడా తడిమే చూశాడు.

ముప్పైయా, ఎనభైయా.

వెనక్కి తిరిగాను. రాజ్‌కుమార్ బోర్డు కాడ సుద్దముక్క పట్టుకుని ఉన్నాడు. చేతిలో ఇంకేం లేదు.

"టీ ఏదిరా?"

"తాగేశాన్నా."

"ఇంకోటి తెప్పించుకో."

"వద్దులే అన్నా. పొద్దున్నుంచి మూడైనయ్యి."

కోటిబాబు అతని వైపూ నా వైపూ చూశాడు.

"ఇట్టా రా" అని రాజ్‌కుమార్‌ని పిలిచాను. "నువ్వు కూడా ఒకసారి చూడు."

"నాకెందుకన్నా. కొలిచేది నువ్వు. నేను నువ్వు పలికింది రాస్తా. రూలు అదే గదా, నువ్వే పెట్టావు." నవ్వలేదు. మొహంలో ఏమీ లేదు. "ఆవిడ చూసింది రాసే గదా మిరప చేలో ఉంది."

మిషను మీద కొత్త మనిషి చెయ్యి స్విచ్చి మీద పెట్టుకుని వింటన్నాడు. గల్లా కాడ వెంకట్రామయ్య గారు వింటన్నారు. ఎవరైనా ఏదైనా అంటారేమోనని చూశాను. బాబాయ్ అని మెల్లగా, నా ఒక్కడికే వినపడేటట్టు.

నూట నాలుగు ముప్పై అన్నాను.

రాశాడు. కొత్త మనిషి గట్టిగా చదివి, మిషను ఆన్ చేశాడు.